ఇటలీవాడి వంకర కుట్టు

సీట్లమ్మ తన కొట్టుకి ఏ కారు వచ్చినా దాని మొహం చూడదు. జనం దీపాలు చూస్తారు, రంగు చూస్తారు, బానెట్ ఎత్తి తెలిసినా తెలియకపోయినా ఇంజను వైపు చూసి తల పంకిస్తారు. ఆవిడ మాత్రం తలుపు తీసి, లోపలికి వంగి, జ్వరం చూసినట్టు సీటు మీద అరచెయ్యి ఆనిస్తుంది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెడుతుంది.

"ఈయన పర్సు ఎడమ జేబులో పెట్టుకుంటాడు. మనిషి ఆ పక్కకి ఒరిగి కూర్చుంటాడు. పక్క సీటు చూడు, నిన్న కొన్నట్టుంది. పెళ్ళాంతో మాటల్లేవు."

"వాళ్ళ సంసారం నీకెందుకు వదినా?" అంటుంది ఆడపడుచు, కుట్టుమిషను ఆపకుండా.

"నాకెందుకు? సీటు చెబుతోంది, నేను వింటున్నా."

పంక్చర్ల కొట్టుకీ బ్యాటరీల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆ గదిలో రెండు మిషన్లు, ఒక బల్ల, గోడ నిండా రెక్సిన్ చుట్టలు. తోలు వాసన, జిగురు వాసన కలిసి ఉండే ఆ గాలి పీల్చి పెరిగిన మనిషి ఆవిడ. తండ్రిది అదే పని. కొడుకులు లేకపోవడం వల్ల కూతురికి నేర్పాడని అందరూ అంటారు గానీ అసలు సంగతి వేరు. ఆయన మరచిపోయి ఎక్కడ పెట్టినా తోలు పొడిచే ఆరె, సుత్తి వెతికి ఇచ్చేది ఆ ఇంట్లో ఈ పిల్ల ఒక్కతే. వెతికి ఇచ్చేటప్పుడు ఊరికే ఇవ్వకుండా ఒక కుట్టు వేసి ఇచ్చేది. మొగుడు స్కూలు బస్సు నడుపుతాడు. ఆ బస్సు సీట్లు పిల్లలు చింపడం, ఈవిడ కుట్టడం, మళ్ళీ వాళ్ళు చింపడం. "ఆ వెధవలు బుద్ధిమంతులైతే మనం పస్తులే" అని మొగుడు రోజూ సంతోషంగా చెబుతాడు.

తండ్రి నేర్పిన సూత్రం ఒక్కటే. కవరు మార్చమని సీటు వస్తే పాతది దారం దారం విప్పాలి. విప్పినది ఎలా ఉంటే కొత్తది అలా కుట్టాలి. తప్పుంటే తప్పుతో సహా. "నిన్ను కుట్టమని పిలిచారు, దిద్దమని కాదు" అనేవాడాయన. సీట్లమ్మ దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఒకసారి ఒక ప్లీడరుగారి కారులో సీటు వెనక సంచీ తలకిందులుగా కుట్టి ఉంటే, ఈవిడా తలకిందులుగానే కుట్టి పంపింది. వారం తిరక్కుండా ఆయన వచ్చాడు.

"ఏమిటమ్మా ఇది, కాగితాలన్నీ కింద పడుతున్నాయి!"

"పాతదాంట్లోంచి పడేవి కావా?"

"పడేవి."

"మరి?"

ప్లీడరుగారు వాదించడానికి పాయింటు దొరక్క వెళ్ళిపోయాడు.

ఇంత పనిమంతురాలికీ ఒక బాధ ఉంది. గోడ కట్టిన మేస్త్రి ఆ గోడ ముందు నిలబడి "ఇది నేను కట్టా" అనొచ్చు. దర్జీ తను కుట్టిన చొక్కా రోడ్డు మీద పోతుంటే వేలు పెట్టి చూపించొచ్చు. సీట్లమ్మ పని మీద జనం కూర్చుంటారు. పని ఎంత బాగా కుదిరితే అంతగా ఎవరికీ తెలియదు. పని అయిపోయాక కారాయన తలుపు తీసి చూసి, "అరె, అచ్చం పాతదానిలాగే ఉందే!" అంటాడు. అదే మెచ్చుకోలు. మర్నాటికి అసలది మారిందన్న సంగతే మరచిపోతాడు. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ చేసిన పనుల్లోకెల్లా గొప్పదైతే, మరచిపోవడానికి కూడా ఎవరికీ తెలియదు. అది పళ్ళ డాక్టరుగారి ఇటలీ కారు వెనక సీటు.

ఆ కారు సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. నాలుగు తలుపులు, నలుగురికి చోటు. చూస్తే పెద్దమనిషి తరహాగా ఉంటుంది. తాళం తిప్పితే మాత్రం లోపల పరుగు పందేనికి కట్టిన ఇంజను గొంతు సవరించుకుంటుంది. చక్కటి చెక్క స్టీరింగు, జంట జంటగా గుండ్రటి దీపాలు, చిక్కటి ఆకుపచ్చ రంగు, బిస్కెట్ రంగు తోలు సీట్లు. డాక్టరుగారు దాన్ని ఎండలో పెట్టలేదు, వానలో తీయలేదు. మబ్బు పడితే నడిచి క్లినిక్కుకి వెళ్ళేవాడు. "కారు ఎందుకు కొన్నారండీ?" అని ఎవరైనా అడిగితే "తడవకుండా చూసుకోవడానికి" అనేవాడు. ఆయన తడవకుండానా, కారు తడవకుండానా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒకరోజు పొద్దున ఆడపడుచు పేపరు తిరగేస్తూ గట్టిగా చదివింది.

"అమ్మకానికి ఇటలీ కారు. నాలుగు తలుపులు, ఒకే యజమాని. ఎండ ఎరగదు, వాన ఎరగదు. సీట్లతో సహా సర్వం ఒరిజినల్. పరాయి సూది తగలలేదు."

సీట్లమ్మ చేతిలో సూది ఆగింది.

"ఆ ఆఖరి ముక్క మళ్ళీ చదువు."

"పరాయి సూది తగలలేదు. నువ్వేం పరాయిదానివి కాదుగా వదినా!" అని ఆడపడుచు పకపకా నవ్వింది. సీట్లమ్మ నవ్వలేదు.

ఇరవై ఏడేళ్ళ కిందటి మాట. డాక్టరుగారు పది రోజుల శిక్షణకని పొరుగూరు వెళ్ళాడు. రెండో రోజున వాళ్ళావిడ, డాక్టరమ్మ, పమిట చెంగుతో మొహం తుడుచుకుంటూ కొట్టు మెట్లెక్కింది. సీట్లమ్మకి ఆవిడ అక్కయ్య వరస. రక్తసంబంధం కాదు, ఒకే వీధిలో ఉండటం వల్ల కలిసిన వరస.

"అక్కయ్యా, ఏమైంది?"

"నా కొంప మునిగిందే. సీటు కాలింది."

అక్కయ్యకి నవలల పిచ్చి. ఇంట్లో పుస్తకం తెరిస్తే పేజీకొక పిలుపు. అందుకని డాక్టరుగారి కళ్ళుగప్పి షెడ్డులోకి వెళ్ళి, ఎవరూ ముట్టుకోకూడని ఆ కారు వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని చదువుకునేది. ఆయన ఊళ్ళో లేకపోయినా అలవాటు కొద్దీ ఆ రోజూ అక్కడే చేరి, దోమలు ఎక్కువగా ఉన్నాయని కాయిల్ వెలిగించి పక్కన పెట్టుకుంది. హంతకుడెవరో తేలే చోట కునుకు పట్టింది. లేచేసరికి ఇటలీ తోలు మీద చుట్ట చుట్టుకున్న పాములా నల్లటి మచ్చ.

మిగిలిన ఎనిమిది రోజులూ సీట్లమ్మ వేరే పని ముట్టుకోలేదు. పాత కవరు దారం దారం విప్పింది. బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గర మెత్తటి తోలు సంపాదించింది. రంగు కలవక, టీ డికాషన్ పట్టించి నీడలో ఆరబెట్టి, మళ్ళీ పట్టించి, నాలుగో కోటింగుకి ముందు సీట్ల రంగులోకి తెచ్చింది. లోపల వెయ్యడానికి గుడ్డ తక్కువైతే అక్కయ్య ఇంట్లోంచి ఏదో తెచ్చి ఇచ్చింది. కుట్టడం అయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. సీటు మరీ కొత్తగా, ఎవరూ కూర్చోనట్టు కనిపించింది. దాంతో అక్కయ్య, సీట్లమ్మ, ఆడపడుచు ముగ్గురూ వంతులు వేసుకుని రెండు రోజులు దాని మీద కూర్చున్నారు. ఒకరు లేస్తే ఒకరు. ఆడపడుచు భోజనం కూడా దాని మీదే చేస్తానంటే తిట్టి దింపారు.

డాక్టరుగారు వచ్చాడు, చూశాడు, ఏమీ కనిపెట్టలేదు. సీట్లమ్మ చేత చేతిలో చెయ్యి వేయించుకుని అక్కయ్య మాట తీసుకుంది. "మనం ముగ్గురం పోయాకే ఇది బయటికి రావాలి."

అప్పుడు మాట ఇచ్చేసింది. ఇచ్చాక తెలిసింది, అది ఎంత బరువో. డాక్టరుగారికి ఆ సీటులో ఒక ముచ్చట ఉంది. ఎడమవైపు నుంచి రెండో మడత మీద ఒకచోట కుట్టు ఆవగింజంత పక్కకి జరిగి, మళ్ళీ దారిలోకి వస్తుంది. ఇటలీలో కుట్టినవాడి పొరపాటు అది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఆయన దాన్ని చూపించేవాడు. "సరిగ్గా ఆ క్షణంలో వాడి కిటికీ ముందునుంచి ఎవరో అమ్మాయి వెళ్ళి ఉంటుందండీ!" అందరూ "ఆహా" అనేవారు. సీట్లమ్మ కూడా అక్కడే నిలబడి రెండు మూడుసార్లు "ఆహా" అంది. ఆ వంకర కూడా తనే ఉన్నదున్నట్టు దించిందని లోపల నాలిక దురద పెడుతుంటే, కాఫీ తాగి ఇంటికొచ్చేది.

ఇప్పుడు డాక్టరుగారి ఎడమ మోకాలు మొండికేసింది. "క్లచ్ నొక్కితే కారు కంటే ముందు నేను కేక పెడుతున్నా" అని ఆయనే చెప్పుకున్నాడు. అందుకే అమ్మకం. మొదట వచ్చినాయన కారుని తన హోటలు హాల్లో నిలబెట్టి బానెట్ మీద పూలకుండీలు పెడతానన్నాడు. డాక్టరుగారు అతన్ని గేటు దాకా మోకాలు నొప్పి లేకుండా తరిమాడు. రెండో ఆయన నిజంగా నడుపుతాననీ, పాత కార్లంటే ప్రాణమనీ ఉత్తరం రాశాడు. ఒక్కటే షరతు. ప్రకటనలో రాసిందంతా అక్షరాలా నిజమై ఉండాలి.

"భూతద్దంతో చూస్తాట్టే!" అని అక్కయ్య ఫోను చేసింది. "నాకు గుండెదడగా ఉంది. సోఫా కవర్ల కొలతలని వంక పెట్టుకుని వచ్చి నా పక్కన నిలబడు."

అలా సీట్లమ్మ మెడలో టేపు వేసుకుని ఆ షెడ్డులోకి వెళ్ళింది.

భూతద్దమాయన సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసినట్టున్నాడు. చేతులకి తెల్లటి తొడుగులు, చంకలో లావుపాటి నోటుబుక్కు. కింద పరుచుకోవడానికి చాప కూడా తనే తెచ్చుకున్నాడు. గంటసేపు కారు కింద పాకాడు, ఇంజనులోకి టార్చి వేశాడు, తలుపులు ఒక్కొక్కటే మూసి ఆ చప్పుడు కళ్ళు మూసుకుని విన్నాడు. చూసిన ప్రతిదీ రాసుకున్నాడు. చివరికి వెనక సీటు దగ్గరికి వచ్చాడు. అక్కయ్య వేళ్ళు సీట్లమ్మ మోచేతిని పట్టుకున్నాయి.

ఆయన భూతద్దం పెట్టి ఒక్కొక్క మడతే చూసుకుంటూ పోయి, రెండో మడత మీద ఆగాడు.

"డాక్టరుగారూ, ఇది చూశారా?"

"చూడకపోవడమేమిటండీ! సరిగ్గా ఆ క్షణంలో కిటికీ ముందునుంచి..."

"ఇదీ రుజువు అంటే!" అన్నాడు భూతద్దమాయన, నోటుబుక్కు తెరుస్తూ. "నకలు చేసేవాడు తిన్నగా కుట్టేస్తాడు. పొరపాటు చెయ్యగలిగేది అసలువాడే. ఈ సీటుని ఎవరూ ముట్టుకోలేదు."

సీట్లమ్మ అద్దం వంక చూసింది, ఆయన వంక చూసింది. ఇంత పెద్ద ఆసామి, ఇంత పెద్ద అద్దంతో చూసి, తన పనిని ఇటలీవాడికి కట్టబెడుతున్నాడు. అక్కయ్య పట్టు ఇంకాస్త బిగిసింది. సరే, మింగేద్దామనుకుంది. ఇరవై ఏడేళ్ళు మింగినదాన్ని ఇంకో పది నిమిషాలు మింగలేనా అనుకుంది. మింగేదే. కానీ ఆయన లేచి, తొడుగులు దులుపుకుంటూ, ఇంకో మాటన్నాడు.

"అదృష్టమండీ మీది. ఇక్కడివాళ్ళ చేతిలో పడి ఉంటే ఈపాటికి ఇది బస్సు సీటు అయ్యుండేది."

"బస్సు సీటుకేమైంది?" అంది సీట్లమ్మ.

అప్పుడుగానీ ఆయన ఆవిడని చూడలేదు. "అమ్మా, మీరు..."

"సోఫా కొలతలకి వచ్చింది" అంది అక్కయ్య గబగబా.

"ఆ వెనక సీటు నేను కుట్టిందే" అంది సీట్లమ్మ. "ఎందుకు కుట్టానో అడక్కండి, చెప్పను. కుట్టాను. అంతే."

భూతద్దమాయన నవ్వాడు. డాక్టరుగారు అంతకంటే గట్టిగా నవ్వాడు.

"మా సీట్లమ్మకి హాస్యం ఎక్కువండీ."

"అవునవును, మహా హాస్యం!" అని అక్కయ్య కూడా కలిసింది, మొహం పాలిపోయి.

అక్కడితో ఆగిపోవచ్చు. నవ్వేసి, సోఫా కొలతలు తీసుకుని, పోవచ్చు. సీట్లమ్మ చెప్పులు విడిచి కారులోకి వంగింది. సీటు కింద రెండు చోట్ల వేలు పెట్టి నొక్కింది. టక్, టక్. జానెడు ఎత్తున సీటు పైకి లేచింది. దాన్ని బయటికి లాగి, భూతద్దమాయన చాప మీద బోర్లా పెట్టి, అంచు విప్పి చూపించింది.

తోలు కింద నీలం చారల గుడ్డ.

భూతద్దమాయన అద్దం పెట్టాడు. "ఇటలీలో ఇలాంటి గుడ్డ వేసేవాళ్ళా? ఎక్కడా చదవలేదే."

డాక్టరుగారు ఒంగి చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఇది నా పైజమా!"

"ఏమిటండీ?"

"నా పైజమా! తీగ మీద ఆరేస్తే మాయమైపోయింది. పక్కింటాయన తీశాడని ఇన్నేళ్ళ నుంచీ ఆయనతో మాట్లాడటం మానేశాను!"

"ఆయన తియ్యలేదు" అంది అక్కయ్య, సన్నగా. "నేనే ఇచ్చాను. లోపలికి గుడ్డ చాల్లేదు." ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, కాయిల్ సంగతి, నవల సంగతి, మొత్తం గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

"నా కారులో కూర్చుని నవలలు చదివావా?" అన్నాడు డాక్టరుగారు. "ఎన్ని?"

"ఎవరు లెక్కపెట్టారు? పెళ్ళయిన దగ్గర్నుంచీ చదువుతూనే ఉన్నా."

"ఇంట్లో చదువుకోవచ్చుగా!"

"ఇంట్లో పేజీకోసారి పిలుస్తారు మీరు. కళ్ళజోడేదీ, పెన్నేదీ అని. కారులో ఉంటే ఒక్కసారీ వెతకలేదు. నేను దాన్ని ముట్టుకోననేగా మీ నమ్మకం!"

భూతద్దమాయన నోటుబుక్కు మూశాడు. ఒక్కొక్క వేలే లాగుతూ తొడుగులు విప్పుకున్నాడు. "మన్నించండి. మీరు కావాలని చేశారని కాదు. సర్వం ఒరిజినల్ అన్నారు, అందుకే అంత దూరం నుంచి వచ్చాను. ఇప్పుడేం చెయ్యను?" అంటూ చాప చుట్టడానికి వంగాడు. దాని మీద సీటు ఉంది కాబట్టి చుట్టలేక అలాగే నిలబడ్డాడు.

సీట్లమ్మ వంగి, విప్పిన అంచు మళ్ళీ మడిచింది. తన పని తనదని చెప్పుకోవాలన్న కక్కుర్తికి అక్కయ్య గుట్టు రట్టైంది, డాక్టరుగారి అమ్మకం చెడింది. ఇక వచ్చేది పూలకుండీలవాడే. "నాదే తప్పు బాబూ" అందామని నోరు తెరిచింది. కానీ తప్పు ఎక్కడుందో వెతుక్కుంటే దొరకలేదు.

ఈలోగా డాక్టరుగారు భూతద్దమాయన నోటి వంక తేరిపార చూస్తున్నాడు.

"మీ పైవరసలో ఎడమవైపు రెండో పన్ను ఎవరు కట్టారండీ?"

ఆయన చెయ్యి చటుక్కున మూతి మీదికి వెళ్ళింది. "మీకెలా తెలుసు?"

"నలభై ఏళ్ళు అదే పని చేశాను. గేటు దగ్గర మీరు నవ్వినప్పుడే చూశా. పక్క పన్నుకి అంచున చిన్న పెచ్చు ఊడింది. కట్టినాయన దానికి జోడుగా కట్టుడు పన్నుకీ అంతే పెచ్చు ఊడినట్టు చేశాడు. ఎంత చెయ్యండీ అది! నేనైతే తిన్నగా కట్టేసి ఉందును, దొరికిపోయేది. మీ ఇంట్లో తెలుసా?"

"మా ఆవిడకి తెలీదు" అన్నాడాయన, అక్కడ లేని ఆవిడ వింటుందేమో అన్నంత మెల్లగా.

"మరి మిమ్మల్ని ఒరిజినల్ కాదని తిప్పి పంపమంటారా?"

ముందుగా నవ్వింది అక్కయ్యే. ఆ తర్వాత ఆయన కూడా, చెయ్యి తీసేసి, పన్ను కనిపించేలాగే నవ్వాడు. నవ్వి, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సీటు తిరగేసి, రెండో మడత మీద అద్దం పెట్టాడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు చూశాడు.

"అమ్మా, ఈ వంకర కూడా మీదేనా?"

"పాతదాంట్లో ఉంది. దించాను."

"వంకరని ఎందుకు దించారు?"

"ఉంది కాబట్టి." సీట్లమ్మకి ఇప్పుడు మాట సలీసుగా వచ్చింది. "అదే కష్టం బాబూ. చెయ్యి తిన్నగా పోతానంటుంది, సూదిని పక్కకి పోనివ్వదు. మూడుసార్లు విప్పా. ఎనిమిది రోజుల్లో ఒక పూట దీనికే పోయింది."

"మూడుసార్లా!" అన్నాడు డాక్టరుగారు. "అయితే ఆ అమ్మాయి కిటికీ ముందునుంచి మూడుసార్లు వెళ్ళిందన్నమాట."

భూతద్దమాయన లేచి నోటుబుక్కు తెరిచాడు. "కారు తీసుకుంటున్నానండీ. కానీ బుక్కులో నిజం రాసుకోవాలి. నాకు అలవాటు." ఒక గీత గీసి రాస్తూ పైకి చదివాడు. "వెనక సీటు ఒరిజినల్ కాదు."

"అంతేనా?" అంది సీట్లమ్మ.

"అంతేగా?"

"ఏది కాదో రాశారు. ఏమిటో రాయలేదు."

ఆయన ఆవిడ వంక చూశాడు. రాసింది కొట్టేశాడు. "మీ పూర్తి పేరు చెప్పండి."

సీట్లమ్మ మెడలో టేపు సర్దుకుంది. గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది. ఆయన రాసి, సరిచూసుకోవడానికి పైకి చదివాడు. వెనక సీటు, ఫలానా ఆవిడ చేతిపని, వంకరతో సహా.

డాక్టరుగారు తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. అక్కయ్య కాఫీ కలపడానికి లోపలికి కదిలింది. సీట్లమ్మ మాత్రం అక్కడే నిలబడింది.

"ఇంకోసారి చదవండి బాబూ" అంది. "ఇంజను చప్పుడులో సరిగ్గా వినపడలేదు."

ఇంజను అప్పటికింకా ఎవరూ స్టార్ట్ చెయ్యలేదు.